ఉద్యోగానికి పెళ్లిచూపులు

రండి, ఆ పీట లాక్కుని దగ్గరగా కూర్చోండి. దూరంగా కూర్చుంటే నేను గొంతు పెంచాలి, గొంతు పెంచితే పక్కింటికి వినబడుతుంది, పక్కింటివాళ్లు మా తమ్ముడికి బాగా తెలిసినవాళ్లు. ఈ కథలో తప్పంతా నాదే అని తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది వాడొక్కడే. ఇవాళ మీకూ చెబుతాను, మీరు నా వైపు ఉంటారన్న ధైర్యంతో.

ఆ రోజుల్లో చదువుకునే పిల్లవాణ్ణి నువ్వేం అవుతావని అడిగితే, వాడు నోరు తెరిచే లోపలే వెనక నిలబడ్డ నలుగురు జవాబు చెప్పేవాళ్లు. వాడి పని తల ఊపడం. ఇప్పుడు అట్లా కాదు. మొన్న యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి కాగితాల కట్టతో వచ్చింది. మా మనవణ్ణి కూర్చోబెట్టి, "నీ ఉద్యోగపు ఆశ మీద ఎవరి ప్రభావం ఎక్కువ? తండ్రిదా, తల్లిదా, గురువుదా, స్నేహితులదా?" అని అడిగి, గళ్లలో టిక్కులు పెట్టించుకుని పోయింది. నేను భుజం మీదుగా తొంగి చూశాను. (అయిదో తరగతి చదివినదాన్ని, అచ్చులో ఉంటే కూడబలుక్కుని చదువుతాను.) ఆ గళ్లలో అవ్వ లేదు, మేనమామ లేడు, పెళ్లయి పోయిన అక్క అసలే లేదు. పాపం అంతంత చదువులు చదివి, పని చేసేవాళ్లను వదిలేసి చూసేవాళ్లను లెక్కలోకి తీసుకున్నారు.

మాది ఉదయగిరి. నాయనకు కాస్త మెట్ట పొలం, ఒక జత ఎద్దులు, చాలా తక్కువ మాటలు. అమ్మ మా చిన్నప్పుడే పోయింది కాబట్టి ఇంటి పెత్తనమంతా అవ్వది, అంటే నాయనను కన్న తల్లిది. నాకు అయిదో తరగతి కాగానే, ఆడపిల్లకు బస్సు మీద బోర్డు చదవడం వస్తే చాలని అవ్వ తీర్పు చెప్పింది. నేనూ సంతోషంగా పలక గూట్లో పెట్టేశాను. పెళ్లీడు రాగానే ఆత్మకూరు డిపోలో బస్సులు బాగుచేసే మనిషికి ఇచ్చి చేశారు. నా తరువాత పుట్టిన తమ్ముడు మాత్రం చదివాడు, చదివాడు, ఎవరూ ఆపమని చెప్పడం మరిచిపోయినట్టు చదివి, తిరుపతి యూనివర్సిటీలో చెట్ల శాస్త్రం చివరి ఏడాదికి చేరాడు. మా వంశంలో యూనివర్సిటీ గేటు దాటిన మొదటి కాలు వాడిదే. అందుకని వాడేం కావాలో నిర్ణయించే హక్కు వాడికి తప్ప మిగతా అందరికీ వచ్చింది.

అవ్వకు చెట్ల శాస్త్రమంటే చిన్నచూపు. "చెట్టును చూసేదానికి తిరుపతి దాకా పొయ్యేదేందిరా, మన మేకలు చూడటంలా?" అనేది. మేనమామకు (మేమంతా పేపరు మామ అనేవాళ్లం, టీ బంకులో నిన్నటి పేపరు చదివి ఇవాళ మాకు జ్ఞానం పంచేవాడు) బ్యాంకు ఉద్యోగం మీద మోజు. బ్యాంకులో ఫ్యాను కింద కూర్చుంటారు గనుక. ఆయనకు తెలిసిన ఆర్థిక శాస్త్రం అంతే.

ఇక నా సంగతి. సోమశిల డ్యాము పనులు నడుస్తున్న కాలం అది. ఆత్మకూరులో ఎటు చూసినా జీపులు, దుమ్ము. మా వీధి చివర ఒక రెవిన్యూ ఇన్‌స్పెక్టరు అద్దెకుండేవాడు. సాయంత్రం ఆయన ఇంటి ముందు జీపు ఆగేది, ఆయన దిగేవాడు. ఆయన భార్య వీధి కొళాయికి వచ్చిందంటే మేమంతా బిందెలు పక్కకు జరిపేవాళ్లం. ఆమెకు వరస లేదు. అందరికంటే చివర వచ్చి అందరికంటే ముందు పట్టుకుని, చీర కొసైనా తడవకుండా వెళ్లిపోయేది. అది చూసిన నాటి నుంచీ నాకు ఒకటే ఆశ. మా తమ్ముడు రెవిన్యూలో చేరాలి, ఆత్మకూరుకే రావాలి, ఆఫీసరు అక్కగా నా బిందె ముందుకు పోవాలి. దేశానికి అధికారులు ఎట్లా తయారవుతారో గొప్పవాళ్లు ఏమేమో రాస్తారు గానీ, ఒకణ్ణి మాత్రం ఆత్మకూరు వీధి కొళాయి తయారు చేయబోయింది.

ఇట్లా ఉండగా తమ్ముడి దగ్గర నుంచి నాకొక ఇన్‌లాండు ఉత్తరం వచ్చింది. కూడబలుక్కుని చదివాను. "అక్కా, మా సారు నన్ను ఇక్కడే పరిశోధనకు ఉండమంటున్నారు. ఉండేది ఒక్కటే సీటు. వచ్చే నెల మొదటి సోమవారానికి ఉంటానని నా జాబు ఆయన చేతికి అందాలి. అందకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాయన ఒప్పుకోకుండా నేను రాయలేను. నాకు ఆయన ముందు నోరు రాదు. నువ్వు ఉదయగిరి పోయి ఆయనకు చెప్పు. నీ మాటయితే వింటాడు." నేను ఆ ఉత్తరాన్ని మడిచి కందిపప్పు డబ్బాలో అడుగున పెట్టాను. చెప్పకూడదని కాదండీ. పప్పు అయిపోయేసరికి చెబుదామనుకున్నాను. (ఆ నెలంతా మా ఇంట్లో పెసరపప్పే వండాను. మా ఆయన అడిగితే వేడి చేసిందన్నాను.)

అదే సమయానికి పేపరు మామ గవర్నమెంటు సర్వీసు పరీక్ష ఫారం ఒకటి తెచ్చాడు. అందులో ఏ శాఖ కావాలో వరసగా రాయమని మూడు గీతలున్నాయి. మొదటి గీత మీద ఏం రాయాలన్నది ఉదయగిరి ఇంట్లో తేలలేదు. అప్పుడు అవ్వ ఒక మాట అందట. "పిల్లను చూడకుండా పెళ్లి చేస్తామా? ఉద్యోగం గూడా బతుకంతా మెడకు తగులుకునేదే గదా. పొయ్యి చూసొద్దాం పదండి."

నవ్వకండి. ఆ ముసలిదాని మాటలో ఉన్న న్యాయం ఈ రోజుకీ నాకు కనిపిస్తుంది. అప్పుడు ఊహించనిది, దాన్ని ఆమె అంత నమ్మకంగా అమలు చేస్తుందన్నదే.

ఆ సోమవారానికి ముందు శనివారం, మంచి గడియ చూసుకుని, మొదటి బస్సుకు ఆత్మకూరులో దిగారు. అవ్వ, నాయన, పేపరు మామ, సెలవులకని ఇంటికొచ్చిన తమ్ముడు. అవ్వ చేతిలో రెండు అరటి గెలలు, తమలపాకులు, బుట్టెడు కనకాంబరాలు, ఆఫీసర్ల భార్యలకని ఉదయగిరి చెక్క గరిటెలు నాలుగు. తమ్ముడికి ఇస్త్రీ చొక్కా తొడిగి, తలకు నూనె పెట్టి, జేబులో దువ్వెన పెట్టారు. "నలుగురం పోగూడదు. అయిదో మనిషివి నువ్వు రా. నీకు ఈ ఊళ్లో ఇండ్లన్నీ తెలుసు గదా," అంది అవ్వ. తెలుసు. ఎవరింటికి ఏ పల్లె నుంచి వంకాయలు వస్తాయో కూడా తెలుసు.

కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిస్తుంటే తమ్ముడు మెల్లగా నన్ను అడిగాడు. "అక్కా, నాయన ఏమన్నాడు?"

"ఏమంటాడు, నాయన సంగతి నీకు తెలీదా? మాట్లాడడు గదా," అన్నాను. ఇందులో ఒక్క అబద్ధమైనా ఉందేమో మీరే చూడండి.

"ఆలోచిస్తా ఉండాడేమోలే. సరే, వీళ్ల ముచ్చట తీరనీ," అని వాడు చొక్కా సర్దుకున్నాడు. నాయన మౌనంగా ఉంటే తన సంగతే ఆలోచిస్తున్నాడని వాడి నమ్మకం. పాపం నాయన ఆ రోజంతా ఆలోచించింది ఎద్దులకు ఎవరు మేత వేస్తారన్న దాని గురించి.

మొదట బ్యాంకు క్యాషియరు ఇంటికి పోయాం. ఆయన లేడు, భార్య ఉంది. విషయం విని పెద్దగా నిట్టూర్చి, "ఏం చెప్పేది అవ్వా. ఆరేళ్లల్లో అయిదూళ్లు తిరిగినాం. కరేపాకు చెట్టు నాటడం, నాలుగు రెబ్బలు తుంచే లోపల ట్రాన్స్‌ఫరు. మా కరేపాకు తినేవాళ్లు జిల్లా అంతా ఉండారు," అంది. అవ్వ వెంటనే లేచింది. తెచ్చిన గెల ఇచ్చేసి బయటికొచ్చి, "ఒంటికి నిలకడ లేని సంబంధం. వద్దు," అని తేల్చేసింది. ఫ్యాను సంగతి అడగనేలేదని పేపరు మామ దారంతా గొణిగాడు.

రెండోది నా మనసులో మొదటిది. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఇల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకు పోయాం. నేను ముందుగా తలుపు కొట్టి, వరస లేకుండా నీళ్లు పట్టుకునే ఆ ఇల్లాలితో, "అమ్మా, మా వాళ్లు ఉదయగిరి నుంచి వచ్చినారు. చూసిపోదామని," అని మర్యాదగా చెప్పాను. ఆమె నా వెనక చూసింది. అయిదుగురం. ముందు ముసలావిడ, చేతిలో అరటి గెల, పూలు, తాంబూలం. మధ్యలో నూనె పెట్టి దువ్విన కుర్రవాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. "రండి, రండి, ముందుగా ఒక మాట చెప్పి పంపితే బాగుండేది గదమ్మా," అని చాప పరిచి, తమ్ముడికి మాత్రం కుర్చీ వేసి, గబగబా లోపలికి పోయింది. లోపల పెట్టె మూత చప్పుడైంది. గాజుల చప్పుడైంది. ఎవరో ఆడపిల్ల, "ఇప్పుడా? నాకు ఎల్లుండి పరీక్ష, చదువుకోవాల," అనడమూ వినబడింది. అప్పటికైనా నాకు తట్టాలి కదా. తట్టలేదు. ఆఫీసరు ఇంట్లో అతిథులకు కాఫీ ఇచ్చే ముందు పట్టుచీర కట్టుకుంటారు కాబోలు, ఎంత మర్యాద అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు పంచె సర్దుకుంటూ వచ్చి నాయనకు నమస్కారం పెట్టాడు. నాయన తిరిగి పెట్టాడు. ఇద్దరూ మంచివాళ్లే కాబట్టి మాట్లాడుకోలేదు. ఇంతలో అమ్మాయి కాఫీ పళ్లెంతో వచ్చింది. నెల్లూరులో డిగ్రీ చదువుతున్న పిల్ల, శనివారమని ఇంటికొచ్చింది. చీర కుచ్చెళ్లు హడావిడిగా పెట్టినట్టు ఒకవైపు జారుతున్నాయి, ముఖంలో మంట. మా తమ్ముడికి అప్పుడు అర్థమైంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. అవ్వ మాత్రం కాఫీ అందుకుని, "మంచిది తల్లీ," అని, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి అసలు సంగతికి వచ్చింది.

"అయ్యా, మేం మీ ఉద్యోగాన్ని చూసేదానికి వచ్చినాం. మా వాడు ఫారం రాయాల. దాంట్లో ఏమన్నా లోటుపాట్లుంటే దాచకుండా చెప్పండి."

ఆ ఇల్లాలు గుమ్మం పట్టుకుని, "ఉద్యోగాన్నా?" అంది. "దానికి ఈ పూలేంది, పండ్లేంది?"

"ఒట్టి చేతుల్తో వస్తామా తల్లీ, మీరు ఆఫీసర్లు," అంది అవ్వ.

"పట్టుచీర కట్టించినాను గదమ్మా పిల్లకు," అని ఆమె నా వైపు చూసిన చూపుకు, ఇక ఈ జన్మలో ఆ కొళాయి దగ్గర నాకు మర్యాద ఉండదని తెలిసిపోయింది. అవ్వ అమ్మాయిని ఎగాదిగా చూసి, ఎలాగూ వచ్చాం కదా అన్నట్టు, "పిల్ల గూడా బాగుండాది," అని ఒక మాట వదిలింది. ఆ అమ్మాయి పళ్లెం కింద పెట్టి నవ్వేసింది. చదువు మధ్యలో లేపిన కోపమంతా నవ్వులో పోయింది. "అవ్వా, నాకింకా రెండేండ్లు చదువుండాది. నన్ను వదిలేసి, మీరు చూడొచ్చింది చూడండి. నాయనా, చూపించు నీ ఉద్యోగాన్ని," అంది.

ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. పాపం పెద్దమనిషి, ఎవరూ ఎప్పుడూ అడగని విషయం అడిగినందుకు సంతోషించినట్టున్నాడు. కాళ్లు ముందుకు చాపి మడమలు చూపించాడు. ఎండకు బీటలు వారిన మా మెట్ట పొలం లాగే ఉన్నాయి. "అనంతసాగరం అవతల పల్లెలన్నీ నడకే పెద్దాయనా. వాన రాకపోతే జనం నన్ను తిడతారు, వస్తే పైవాళ్లు తిడతారు. తుఫానొస్తే ఇద్దరూ తిడతారు."

"జీపుంది గదయ్యా," అన్నాను నేను, ఆశ చావక.

"జీపు తాసిల్దారు గారిదమ్మా. ఆయన ఇల్లు ఈ దారినే. నన్ను దింపి పోతాడు. పొద్దున మాత్రం నేను సైకిలే."

రెండేళ్లుగా జీపు దిగే మనిషిని చూశాను గానీ ముందు సీట్లో కూర్చున్నదెవరో ఒక్కరోజూ చూడలేదు. ఒక మనిషి బతుకును నిర్ణయించడానికి నేను చేసిన పరిశీలన అంత గొప్పది.

ఆ అమ్మాయి తమ్ముణ్ణి అడిగింది. "అందరూ వచ్చి చూస్తా ఉండారు గానీ, మీకేం కావాలని ఉంది?"

నాకు తెలిసి వాణ్ణి ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. వాడు నాయన వైపు తిరిగాడు. "నాయనా, నువ్వేం అనుకున్నావో ఇప్పుడన్నా చెప్పు. ఎల్లుండికి జాబు మా సారు చేతికి పోవాల. పోకపోతే ఆ సీటు నాకుండదు."

"ఏం జాబు?" అన్నాడు నాయన.

తమ్ముడు నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు నాయనకు చెప్పలేదా?"

అవ్వ కాఫీ అందుకునేటప్పుడు నాకిచ్చిన కనకాంబరాల బుట్ట నా చేతిలో ఉంది. నేను పూలు చూస్తున్నాను. ఎంతసేపు చూశానంటే, ఎన్ని మూరలుంటాయో చెప్పగలను. "చెప్పలేదురా. ఉత్తరం నా దగ్గిరే ఉండాది. నువ్వు రెవిన్యూలో చేరితే బాగుంటాదని," అన్నాను. కొళాయి సంగతి అక్కడ చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఇల్లాలు ఎదురుగా ఉంది.

వాడు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "ఎన్ని దినాలైంది అక్కా, నేను రాసి," అని మాత్రం అన్నాడు. వాడు రోజుకొకటి చొప్పున ఆశ పెట్టుకుని ఎదురుచూసిన దినాలవి. నేను పెసరపప్పు వండిన దినాలు.

పేపరు మామ అందుకుని, చెట్లకు జీతమెవరిస్తారని మొదలుపెట్టాడు. నాయన చేయెత్తి ఆపి కొడుకును అడిగాడు. "ఆ చదువులో ఏముండాది?"

అప్పుడు మాట్లాడాడండీ మా తమ్ముడు. ఉదయగిరి కొండ మీద ఉన్న మొక్కలు కొన్ని పుస్తకాల్లోనే లేవని, ఉన్నవాటికీ మన ఊళ్లో పేర్లేమిటో, దేనికి వాడతారో ఎవరూ రాయలేదని, గరిటెలు చెక్కే నర్ది కొయ్య ఏళ్లు గడిచేకొద్దీ ఎందుకు తగ్గిపోతోందో కనుక్కోవాలని, కుర్చీ అంచుకు జరిగి, చేతులు తిప్పుతూ చెప్పాడు. నాయన ముందు నోరు రాదన్నవాడే. కాఫీ చల్లారిపోయింది. ఇన్‌స్పెక్టరు బీటల కాళ్లు ముడుచుకుని వింటున్నాడు.

అంతా విని నాయన అన్నాడు, "నాకు ఒక ముక్క అర్థం గాలేదు. అయితే పొద్దుట్నించి వీడి మొగంలో పానం కనపడింది ఇప్పుడే. రాయి. ఉంటానని రాయి."

"బావా, ఆ ఫారం మూడు గీతలూ?" అన్నాడు పేపరు మామ, నిలువునా మునిగినట్టు.

"నువ్వు రాసుకో," అన్నాడు నాయన. ఆ రోజు ఆయన మాటల కోటా అక్కడితో అయిపోయింది.

జాబు ఆ ఇన్‌స్పెక్టరు బల్ల మీదే రాశారు, కాగితం ఆ అమ్మాయే ఇచ్చింది. పోస్టులో వేస్తే సోమవారానికి అందదు. దాన్ని పట్టుకుని నేను డిపోకు పరిగెత్తాను. (పట్టుకుపొమ్మని ఎవరూ అనలేదు, నేనే లాక్కున్నాను. ఆ ఒక్క పరుగుతో నెల తప్పు తీరుతుందనుకున్న అమాయకత్వం.) అప్పట్లో అందాల్సిన చోటికి జాబు పోవాలంటే పోస్టు పెట్టె కంటే బస్సు డ్రైవరే నమ్మకం. మా ఆయన గ్రీజు చేతులతోనే కవరు అంచు పట్టుకుని, తిరుపతి బస్సు డ్రైవరుకు ఇచ్చి, "యూనివర్సిటీ గేటు కాడ వాచ్‌మెన్‌కు ఇయ్యన్నా, సారు పేరు మిందనే ఉండాది," అన్నాడు. డ్రైవరు దాన్ని తలపాగాలో దోపుకున్నాడు. బస్సు కదిలి ఏ.ఎస్. పేట దర్గా నుంచి తిరిగిపోయే భక్తులను ఎక్కించుకోవడానికి రోడ్డు మీద మళ్లీ ఆగింది. నేను ఆ తలపాగాను చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో ఇంకే తలపాగానూ అంత భక్తిగా చూడలేదు.

సీటు దక్కింది. కవరు మీద గ్రీజు వేలిముద్ర చూసి సారు ముఖం చిట్లించాడట గానీ, ఇచ్చాడు. తమ్ముడు నాతో ఉగాది దాకా మాట్లాడలేదు. తరువాతి వేసవిలో ఒకరోజు నేను ఉదయగిరిలో ఉన్నప్పుడు, ఆకులు మధ్యలో పెట్టి అదిమే పాత పేపర్ల కట్ట ఒకటి నా ముందు పడేసి, "కొండకు పోతా ఉండా, మోసేదానికి మనిషి కావాల," అన్నాడు. అది వాడు నన్ను క్షమించడమో, నాకు వేసిన శిక్షో ఇప్పటికీ తెలియదు. ఎక్కాను. వాడు ఒక్కో ఆకూ తుంచి అటూ ఇటూ తిప్పి, నోరు తిరగని పేరేదో అంటాడు. నేను, "అది బలుసు గదరా, బాలింతకు పెడతాం," అంటాను. ఇంకొకటి తుంచుతాడు. "అది బిక్కి, దాని కాయ కోతులు గూడా ముట్టవు," అంటాను. వాడు ఆగి, నా వైపు ఒక రకంగా చూసి, పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా రాసుకున్నాడు. ఏళ్లు పట్టింది కొండంతా అయ్యేసరికి. సెలవులకు వచ్చినప్పుడల్లా నన్ను ఆత్మకూరు నుంచి పిలిపించేవాడు. మా ఆయన భోజనం సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు.

చివరికి ఆ పరిశోధన అట్ట వేసిన పుస్తకమై వచ్చింది. వాడు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అంతా ఇంగ్లీషు. మొదటి పేజీలో సారుకు దండాలు, శాఖకు దండాలు, లైబ్రరీకి దండాలు. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో ఒక వరస ఉంటే వేలు పెట్టి, ఇదేందిరా అని అడిగాను. వాడు తల గోక్కుని, "'సమాచారం ఇచ్చిన స్థానికులకు కృతజ్ఞతలు' అని అక్కా. అంటే నువ్వే," అన్నాడు.

వాడికి పేరు రాయాలని తోచలేదు, నాకు అడగాలని తోచలేదు. ఇద్దరం సమానం అయ్యాం అనుకున్నాను. ఇప్పుడు రాత్రిపూట కళ్లజోడు పెట్టుకుని ఆ పుస్తకం తెరుస్తాను. ఇంగ్లీషు రాదు కానీ మధ్యమధ్య వంగిన అక్షరాల్లో ఉన్నవి మా మొక్కల పేర్లేనని వాడు చెప్పాడు, పక్కన బొమ్మలున్నాయి, వాటిని బట్టి పోల్చుకుంటాను. ఒక మనిషి బతుకును పప్పు డబ్బాలో దాచిపెట్టాలనుకున్న ఆ పిల్ల కూడా ఎక్కడో అక్కడే, ఆకుల మధ్య, పేపర్ల కట్ట నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కుతూ కనిపిస్తుంది. కోప్పడదామని పిలుస్తాను. అది వినిపించుకోదు, ఏదో ఆకు తుంచి వాసన చూస్తూ ఉంటుంది. సరేలే, పోనీ అనుకుంటాను.

చాలాసేపు కూర్చున్నారు, కాళ్లు పట్టేసి ఉంటాయి. లేవండి, వెళ్లి రండి. మీ గడప పచ్చగా ఉండాలి, మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ తెర్లుతూ ఉండాలి, మీ పిల్లలు పోవాలనుకున్న చోటికి పోయి, పొద్దుగూకేసరికి నవ్వుముఖంతో ఇల్లు చేరాలి.